బంతులు వేసే ఉద్యోగం

“భుజం నీదా, ఆ కాలేజీదా?” అన్నాను.

“అమ్మమ్మా, ప్లీజ్. రేపు ప్రాక్టీస్‌లో నేనే బాల్స్ వెయ్యాలి. హెడ్ కోచ్ చూస్తాడు.”

“చూడనీ. చెయ్యి లేవట్లేదని చెప్పు.”

“చెప్తే ఇంకొకర్ని తెచ్చుకుంటారు. నన్ను తీసుకుందే దానికి.”

“మంచిదేగా! మీ అన్నలాగా చల్లగా కూర్చుని చేసే పని చూసుకో. పెళ్ళీడు దాటిపోతోంది, ఇంకా బంతులాటేనా?”

“ఆట కాదు, నా జాబ్. నువ్వు ఎప్పుడైనా వచ్చి చూశావా? వన్స్?”

నేను స్టవ్ ఆపేసి, గిన్నెలు తోముకున్నాను.

వాడు నా కూతురి కొడుకు. అమెరికాలో, ఈ ఫ్రీమాంట్ ఊళ్ళో మా ఇంటి దగ్గరి హైస్కూల్లో చాలా ఏళ్ళు బేస్‌బాల్ కోచ్‌గా చేశాడు. కోచ్ అంటే కంచె పక్కన నిలబడి అరిచేవాడనుకునేదాన్ని. కాదట. బ్యాటు పట్టిన ప్రతివాడికీ వరసగా బంతులు వేస్తూ కొట్టడం అలవాటు చేయాలట. స్కూల్లో ఆ బంతులన్నీ వాడే వేసేవాడు. భుజం అరిగింది అక్కడే.

కుట్లు ఊడిన బంతుల్ని పారేయబోతే నేను ఊరుకునేదాన్ని కాదు. తోలు బాగానే ఉంది కదా! లావుపాటి సూదితో, మైనం రాసిన ఎర్ర దారంతో మళ్ళీ కుట్టేదాన్ని. నా చదువు మూడో తరగతిలోనే ఆగింది గానీ, నా కుట్టు గట్టిది. నిరుడు కాలేజీలో అసిస్టెంట్ కోచ్ అయ్యాక వాడు బంతులు తేవడం మానేశాడు. అక్కడ పెట్టెలకొద్దీ కొత్తవేనట. నా సాధింపు మాత్రం ఆగలేదు. కంచం ముందు కూర్చున్నప్పుడల్లా, ఎప్పుడు మానతావురా అనేదాన్ని. ఆట చూడటానికి రమ్మంటే, ఎండలో కూర్చోవడానికి నాకేం పనిలేదా అనేదాన్ని.

మర్నాడు పొద్దున చొక్కా తొడుక్కోవడానికి వాడి చెయ్యి లేవలేదు. నేనే తొడిగాను. వాడు అడక్కపోయినా వెళ్ళి కారెక్కాను.

మైదానంలో బంతుల బకెట్టును ఎడమచేత్తో మోసుకెళ్ళాడు. ఒక్క బంతి విసిరాడు. అది బ్యాటు దాకా చేరకుండా మట్టిలో దొర్లింది. బ్యాటు పట్టుకున్న ఆటగాడు నవ్వలేదు. నడిచి వచ్చి, బంతి తీసి వాడి చేతికిచ్చాడు. వాడు మళ్ళీ విసరలేదు. హెడ్ కోచ్ దగ్గరికి వెళ్ళి భుజం చూపించాడు. ఆయన తలూపి, వేరే మనిషిని పిలిచి బకెట్టు అప్పగించాడు.

ఇన్నేళ్ళూ నేను కోరుకున్నది అదే.

వాడు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. “హ్యాపీనా, అమ్మమ్మా?”

“ఇంకాసేపు ఉందాంరా. చూస్తాను,” అన్నాను.

ఎండ ముదిరేదాకా చూశాం. ఏ కుర్రాడికి ఎలాంటి బంతి పడాలో వాడు మెల్లగా చెబుతుంటే విన్నాను. తర్వాత కారెక్కాం. సీటు బెల్టు వాడికి అందలేదు. నేను వంగి పెట్టాను.