పేరయ్య పంపిన పాత జాబితా

ఆఫీసులో ఆయన్ని అందరూ పెళ్ళిళ్ళ పేరయ్య అంటారు. రెండు కంప్యూటర్ ప్రోగ్రాములకు సంబంధం కుదర్చడమే ఆయన ఉద్యోగం మరి. కిడ్నీలు పాడై, రోజు విడిచి రోజు డయాలసిస్ చేయించుకునేవాళ్ళను ఇళ్ళ నుంచి ఆసుపత్రికి చేర్చే వ్యాన్ల ఆఫీసు అది. పక్క గదిలో లెక్కల మేడమ్ ఉంటుంది. వ్యానుకు నలుగురే ఎక్కాలి, ఎవరూ అరగంటకు మించి తిరగకూడదు, మొత్తం దూరం తగ్గాలి అని షరతులన్నీ ఆవిడ అలాంటి లెక్కల కోసమే పుట్టిన ఓ భాషలో రాస్తుంది. ఆ భాష ఆసుపత్రి రిజిస్టరుకు తెలియదు, డ్రైవర్ల ఫోన్లకు అసలే తెలియదు. మధ్యలో పేరయ్య ఉండి పేర్లు ఇటు నుంచి అటు, జవాబులు అటు నుంచి ఇటు మోసే ప్రోగ్రాము రాశాడు. ఉదయం ఆరింటికల్లా జాబితా ఫోన్లలో పడుతుంది.

మనిషికి మాత్రం కుదురు లేదు. కంచం ముందు కూర్చుని కూడా ఫోను తీసి చూస్తాడు.

"మీరు చూడకపోతే ఆ వ్యాన్లు కదలవా ఏం? ముందు తినండి," అని భార్య కసురుతుంది. తింటాడు, కాలు ఊపుతూనే.

ఆ మంగళవారం జాబితా ఠంచనుగా వెళ్ళింది. ఏడింటికి డ్రైవరు ఫోను చేశాడు.

"సార్, ఈ తాతగారు నన్ను తిట్టిపోస్తున్నారు. నిన్ననే చేయించుకున్నారట, మళ్ళీ ఎందుకొచ్చావంటున్నారు."

పేరయ్య ఇవాళ్టి జాబితా తెరిచి చూస్తే అది పొల్లు పోకుండా నిన్నటి జాబితా. సోమవారం సాయంత్రం రెండు వ్యాన్లు షెడ్డుకెళ్ళాయి. మిగిలినవాటితో అందర్నీ చేర్చడం కుదరదని మేడమ్ రాసిన లెక్క తెల్లారి దానంతటదే తేల్చేసింది. కుదరదంటే కొత్త జవాబు ఉండదు. అక్కడ పడి ఉన్న పాతదాన్నే పేరయ్య ప్రోగ్రాము చక్కగా మోసుకెళ్ళి పంపింది.

పోనీ పొరపాటు అనుకుందామా అంటే అదీ కాదు! రెండేళ్ళ కిందట తెర ఖాళీగా కనబడిందని మేనేజరు ఎగిరెగిరి పడితే, కొత్తది లేకపోతే పాతది చూపించమని తన చేత్తో తనే ఒక్క లైను రాశాడు. రేపు తీసేద్దాంలే అనుకున్నాడు. ఎన్ని రేపులు పోయాయో ఆయనకే తెలియదు.

ఇవాళ రావలసినవాళ్ళు పదకొండుమంది. మేడమ్ కొందరికి, తను కొందరికి ఫోన్లు చేసి పదిమందిని ఎలాగోలా బయల్దేరదీశారు. ఒక్క కుట్టు టీచరమ్మ మాత్రం ఎత్తడం లేదు. ఎనిమిదింటికి ఆవిడ వంతు. అది తప్పితే మళ్ళీ గురువారమే. శనివారం చేయించుకున్న మనిషి, అన్నాళ్ళు ఒంట్లో నీరు చేరితే ఊపిరాడుతుందా? పేరయ్య కారు తీశాడు. ప్రతి సిగ్నలు దగ్గరా తనను తానే తిట్టుకున్నాడు. "ఓరి నీ తెలివి తగలెయ్య!"

ఆవిడ గుమ్మం ముందు మెట్టు మీద, ఒళ్ళో సంచితో కూర్చుని ఉంది. పాదాలు వాచి చెప్పుల పట్టీలు లోపలికి దిగాయి. ఫోను లోపలెక్కడో మోగుతోంది. తను లోపలికెళ్ళి వచ్చేలోపు వ్యాను వచ్చి వెళ్ళిపోతుందేమోనని ఆవిడ అక్కణ్ణుంచి కదల్లేదట.

కారెక్కించాక మేడమ్ ఫోను చేసింది. "ఆసుపత్రివాళ్ళు ఎనిమిదిన్నర దాకా ఆగుతామన్నారు. త్వరగా తీసుకురండి."

"ఇవాళ మీరొచ్చారేంటి బాబూ? డ్రైవరుకు ఒంట్లో బాగాలేదా?" అంది టీచరమ్మ ఆయాసపడుతూ.

"బాగానే ఉన్నాడమ్మా. తప్పు నాది. వ్యాను కుదరదని మా లెక్క ఆరింటికే చెప్పింది. ఆ మాట మీదాకా రాకుండా చేసింది నేనే."

ఆవిడకు కోపం రాలేదు. వచ్చినా బాగుండేదనిపించింది పేరయ్యకు. కాసేపు ఊపిరి కూడదీసుకుంది.

"ఆరున్నరకు మా మరిది కారులో ఆసుపత్రి వైపే వెళ్ళాడు బాబూ. దింపనా వదినా అని అడిగాడు కూడా. వ్యానువాళ్ళు ఎప్పుడూ మాట తప్పరు, నువ్వెళ్ళు అన్నాను."