కార్టూన్‌లో తోటికోడళ్లు

ఆదివారం మధ్యాహ్నం టీవీలో కార్టూన్ భాషను తెలుగు నుంచి ఇంగ్లీషుకు నేనే మార్చాను. భయం అక్కడే మొదలైంది. మా అమ్మాయికి గురుకులంలో సీటు వచ్చింది. అక్కడ చదువంతా ఇంగ్లీషులోనే, చెవికి కాస్త అలవాటవుతుందని మార్చాను. తెర మీద ఒక జైలు గది. ఊళ్లోని శబ్దాలన్నీ దొంగిలించే ఆడ విలన్‌ను సూపర్ హీరో అమ్మాయి కుర్చీకి కట్టేసి, నీ తోడుదొంగ ఎక్కడ దాక్కుందో చెబితే నిన్ను వదిలేస్తానంటోంది. ఆ తోడుదొంగ కూడా ఆడదే. ఆమె ముట్టుకున్న లోహమల్లా తుప్పు పట్టిపోతుంది. ఈ ఎపిసోడ్ మా ఇంట్లో తెలుగులో ఎన్నిసార్లు నడిచిందో. తెలుగులో శబ్దాల దొంగ, "ఆమె నా సొంత అక్క. చెప్పను" అంటుంది. ఇంగ్లీషులో అలా అనలేదు. "ఆమె లేని చోట నేను బతకలేను. చెప్పను" అంది.

మా అమ్మాయి వైపు చూశాను. పదకొండేళ్లది. పక్కనే దాని స్నేహితురాలు, ఇద్దరి మధ్యా ఒకే ప్లేటులో బొరుగుల ఉగ్గాని.

"తెలుగుల అక్క అన్నది గదనే?" అని అడిగాను.

"అక్క కాదని నాకు ముందే ఎరుక," అంది, తెర మీంచి కళ్లు తిప్పకుండా. "అక్కతోని ఎవరన్న గంత మంచిగుంటరా?"

స్నేహితురాలు కిసుక్కున నవ్వి, మా అమ్మాయి భుజం మీద తల వాల్చింది. నాకు భయమేసింది. ఆ మాటకు కాదు. ఎప్పటినుంచో తెలిసిన సంగతిని చెప్పినట్టు, ఏ బెరుకూ లేకుండా చెప్పినందుకు.

మా ఇంట్లో టీవీ, మగ్గం ఒకే గదిలో ఉంటాయి. గద్వాల చీరకు ఒళ్లంతా నూలు, అంచు పట్టు. రెండూ కలిసే చోట పోగు పోగూ పట్టించి నేయాలి గనక మా అత్తమ్మ పక్కన ఇంకో మనిషి కూర్చుని అంచు పట్టుపోగును అటూ ఇటూ దాటించే నాడె అందిస్తూ ఉండాలి. అలా అందించేది మా అమ్మాయి స్నేహితురాలి తల్లి. వెనక సందులో ఉంటుంది. భర్త బొంబాయిలో కట్టడం పనికి పోయి పండగలకు వస్తాడు. ఆమె మా అత్తమ్మను పెద్దమ్మా అంటుంది, నన్ను అక్కా అంటుంది. ఆమె కూతురు మా ఇంట్లోనే పెరిగిందంటే తప్పులేదు. మగ్గం మీద ఉన్న ఇద్దరికీ కళ్లు పోగుల మీద, చెవులు టీవీ మీద.

ఆ కార్టూన్ మొదలైన కొత్తలోనే మా అత్తమ్మ ఒక నిర్ణయానికి వచ్చేసింది. విలన్లిద్దరూ ఒక పాత ఫ్యాక్టరీలో కాపురం ఉంటారు, వంటిల్లు ఉంటుంది, రోజూ పోట్లాడుకుంటారు, మగవాళ్లు కనిపించరు.

"ఇద్దరు తోటికోడళ్లే. మొగోళ్లు బొంబాయి పోయి ఉంటరు," అంది.

"తోటికోడళ్లయితే గింత కలిసుంటరా పెద్దమ్మా? మా తోటికోడలు నాకు పిడికెడు ఉప్పు గూడ ఇయ్యదు."

"ఆ ఇంట్ల అత్త లేదు గదనే. గందుకే కలిసున్నరు."

"మెడల ఏం లేదు, కాళ్లకు మట్టెలు లేవు!"

"దొంగతనానికి పోయేటోళ్లు బంగారమేసుకొని పోతరా, పిచ్చిదానా?"

ఆ రోజు మగ్గం ఆపి మరీ నవ్వుకున్నాం. శబ్దాల దొంగ ఒంటి మీద లోహం ఎందుకు లేదో నాకు తర్వాత తెలిసింది. మొదటి భాగాల్లో ఆమెకు చెవులకు రింగులు, చేతికి కడియాలు ఉంటాయి. తుప్పు చేతులామెతో స్నేహం కలిశాక ఒక్కొక్కటీ తీసేస్తుంది. ఆమె భయం లేకుండా తన చేయి పట్టుకోవాలని. ఎవరూ పైకి అనరు, చూసేవాళ్లే కనిపెట్టాలి. మా అమ్మాయి కనిపెట్టింది.

అత్తమ్మ మాట పిల్లలిద్దరికీ పట్టుకుంది. ఆటలో వాళ్లు విలన్లు, ఆరేళ్ల మా బాబు పోలీసు. ఒకరోజు మా అమ్మాయి మగ్గం దగ్గరికొచ్చి ప్రకటించింది.

"అవ్వా, మేం గూడ పెద్దగయినంక తోటికోడళ్లమయితం. ఒక్క ఇంట్లనే ఉంటం."

"మరి అన్నదమ్ములు దొరకాలె గదనే!"

"ఎందుకు? వాళ్లు బొంబాయిలనే ఉంటరు గద."

అత్తమ్మ కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వింది. స్నేహితురాలి తల్లి కూడా నవ్వింది, నేనూ నవ్వాను. ఆదివారం ఆ ఇంగ్లీషు మాట విన్నాక మాత్రం ఈ నవ్వులన్నీ ఒక్కొక్కటీ గుర్తొచ్చి గుచ్చుకున్నాయి.

ఎందుకంటే సోమవారం పొద్దున పదింటికల్లా నేనొక మాట చెప్పాలి. గురుకులం పరీక్ష ఇద్దరూ రాశారు. స్నేహితురాలికి వనపర్తిలో సీటు వచ్చింది, మా అమ్మాయికి నాగర్‌కర్నూల్‌లో. వనపర్తిలో సీటొచ్చిన ఇంకో పిల్ల వాళ్లు నాగర్‌కర్నూల్ కావాలంటున్నారట. రెండు ఇళ్లవాళ్లూ ఒప్పుకుంటే మార్చుకోవచ్చు. ఈ సంగతి తెలుసుకొచ్చింది స్నేహితురాలి తల్లే.

"అక్కా, జర నువ్వు సరే అనక్కా. నా బిడ్డ ఒక్కతే అంటే ఉండదు. నీ బిడ్డ ఉంటే ఎంత దూరమైన ఉంటది. నువ్వు సదువుకున్నదానివి, నీకు చెప్పేదేముంది."

"వాళ్ల నాయన నాగర్‌కర్నూల్‌లనే పనిచేస్తుండు గద చెల్లె. దగ్గరుంటడని ఆలోచిస్తున్న," అన్నాను.

అబద్ధం కాదు. మా ఆయన ఉద్యోగం అక్కడే, శనివారం వచ్చి సోమవారం తెల్లారకముందే వెళ్లిపోతాడు. ఈ వారం పని ఉందని రాలేదు, సీటు సంగతి ఫోనులో చెబితే నీ ఇష్టమన్నాడు. ఎవరూ వేలెత్తి చూపలేని కారణం. అయినా ఆ మాట అంటున్నప్పుడు ఆమె కళ్లలోకి చూడలేకపోయాను.

వనపర్తి హాస్టల్ అంటే ఏమిటో నాకు తెలుసు. డిగ్రీ మూడేళ్లు అక్కడే ఉన్నాను. అమ్రాబాద్ వైపు నుంచి వచ్చిన అమ్మాయి నా గదిలో ఉండేది. ఒకరి జడ ఒకరం వేసుకునేవాళ్లం, ఒకే దుప్పటి కప్పుకుని చదువుకునేవాళ్లం, ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరం క్లాసు ఎగ్గొట్టేవాళ్లం. రెండో ఏడు ఎవరో మమ్మల్ని కొత్త జంట అన్నారు. ఇక మెస్‌లో మేం ప్లేట్లు పట్టుకుని వస్తుంటే, "జరగున్రే, కాపురం ఒస్తున్నది" అని జరిగేవాళ్లు. మొదట మేమూ నవ్వాం. తర్వాత ఆమె నాకన్నా ముందే తినేసి రావడం మొదలుపెట్టింది. వార్డెన్ మా గదులు మార్చింది. దసరా సెలవులకు ఇంటికి వెళ్లిన పిల్ల మళ్లీ రాలేదు. పెళ్లి కుదిరిందని తెలిసింది. ఇప్పుడు బతుకమ్మ పేర్చినప్పుడు ఫొటో పంపుతుంది, నేనూ పంపుతాను. మా మధ్య ఉన్నదానికి ఏ పేరుందో నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. ఆ నవ్వులు మాత్రం బాగా తెలుసు.

నా బిడ్డ మీద నేనూ ఏ పేరూ పెట్టదలచుకోలేదు. రేపు అది ఏమవుతుందో దానికే తెలియదు. నా భయమల్లా పేరు పెట్టేవాళ్ల గురించే.

సాయంత్రం జొన్నరొట్టెలు చేస్తూ ఫోనులో ఆ కార్టూన్ మిగతా భాగాలు ఇంగ్లీషులో పెట్టుకుని చూశాను. ఒకవైపు మాడిన రొట్టెలు నేనే తిన్నాను. చూస్తున్నకొద్దీ ఒక సంగతి కుదురుగా ఉండనివ్వలేదు. సూపర్ హీరో అమ్మాయికి ఊరంతా చప్పట్లు కొడుతుంది. శాస్త్రవేత్త తండ్రి ఉన్నాడు, పూలు పట్టుకుని ఎదురుచూసే కుర్రాడు ఉన్నాడు. మనసులో మాట చెప్పుకోవడానికి ఒక్క ఆడపిల్ల లేదు. ఒకరి గాయానికి ఒకరు కట్టు కట్టడం, అలిగినదాన్ని బతిమాలడం, చలేసినప్పుడు తన కోటు ఇవ్వడం అంతా విలన్ల ఫ్యాక్టరీలోనే. మన సీరియళ్లు మాత్రం వేరా? ఇద్దరు ఆడవాళ్లు తలుపేసుకుని గుసగుసలాడారంటే ఎవరి కొంపో ముంచడానికే. మంచి కోడలు ఎప్పుడూ దేవుడి గదిలో ఒంటరిగానే ఏడుస్తుంది. కార్టూన్ తీసినవాళ్లు చెప్పాలనుకున్నదాన్ని విలన్ల చేత చెప్పించారేమో. చెడ్డవాళ్లు కదా, ఏం చేసినా ఎవరూ అడ్డుపడరు. ఆఖరున ఎలాగూ జైలుకు పోతారు. తెలుగు చేసినవాళ్లకు అదీ ఎక్కువనిపించి, అక్కాచెల్లెళ్లను చేశారు. మా అత్తమ్మ ఇంకో అడుగు వేసి తోటికోడళ్లను చేసింది. ఎవరికి తోచిన చుట్టరికం వాళ్లు కలిపారు. ఆ ఇద్దరినీ వాళ్లలాగే ఉండనిచ్చింది మా అమ్మాయి ఒక్కతే.

అది వంటింట్లోకి వచ్చి గడప మీద కూర్చుంది. రొట్టె తుంచి పెడుతూ అడిగాను.

"ఆ దొంగలంటే ఎందుకే నీకంత పిచ్చి? హీరో మంచిగ లేదా?"

"మంచిగనే ఉంది. కని ఎప్పుడు సూడు, ఒక్కతే తింటది. నిలవడి తింటది. వీళ్లు కలిసి తింటరు." కాసేపు నమిలింది. "అమ్మా, మంచోళ్లకు దోస్తులుండరా?"

"ఉంటరు."

"మరి సూపిస్తలేరు గద."

ఇంకో ముక్క తుంచి పెట్టాను. అది గొంతు తగ్గించి ఇంకో మాట అడిగింది.

"నన్ను నాగర్‌కర్నూల్‌కే పంపుతవా?"

"నాయన దగ్గరుంటడు గద బిడ్డా."

"నాయన గేటు కాడికొస్తడు, నెలకొక్కపారి. లోపట ఎవరుంటరు నాతోని?"

రొట్టె సగంలో వదిలేసి వెళ్లిపోయింది. అత్తమ్మ మగ్గం మీంచి లేచి నడుము పట్టుకుని వచ్చి నన్ను ఎగాదిగా చూసింది. "ఏందే గట్ల పరేషానున్నవ్? ఇద్దరిని ఒక్క తాన ఎయ్యి. ఒక్కతయితే వారానికి ఏడ్చుకుంట ఇంటికొస్తది," అంది. మీకు అసలు సంగతి తెలియదు అత్తమ్మా అందామనుకున్నాను. ఏ సంగతి? అది చెప్పాలన్నా నాకు మాట దొరకలేదు.

ఇప్పుడు అందరూ పడుకున్నాక రాస్తున్నాను. రాస్తుంటే ఒకటి తేటపడింది. నేను దాన్ని నాగర్‌కర్నూల్‌కు పంపితే ఎవరూ నవ్వరు. నిజమే. నవ్వడానికి పక్కన ఎవరూ ఉండరు కనక. వార్డెన్ రెండో ఏడు చేసిన పనిని నేను మొదటి రోజే చేసినట్టవుతుంది. వనపర్తికి పంపితే రేపో మాపో ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారు. అననివ్వకుండా ఆపడం నా చేతిలో లేదు. ఆ రోజుల్లో నేనూ ఆ అమ్రాబాద్ పిల్లా చేయని పని ఒక్కటుంది. మేం ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇంట్లోవాళ్లు కూడా అవే కళ్లతో చూస్తారని.

ఇక్కడి నుంచి మర్నాడు రాస్తున్నాను. పొద్దున మా అమ్మాయికి జడ వేస్తూ బాబును కూడా దగ్గర కూర్చోబెట్టుకున్నాను. స్నేహితురాలి తల్లికి అప్పటికే ఫోన్ చేసి సరేనన్నాను. ఆమె ఏడ్చినంత పనిచేసింది.

"ఇనున్రి," అన్నాను. "అక్క వనపర్తికి పోతది, దోస్తుతోని. ఇద్దరు ఒక్క తాననే ఉంటరు."

మా అమ్మాయి లేవబోయింది. జడ పట్టుకుని ఆపాను.

"పూర్తిగ ఇను. ఆడ మీ ఇద్దరిని సూసి ఎవరన్న ఏదన్న పేరు పెట్టి నవ్వొచ్చు. ఏం పేరైన సరే, సిగ్గుపడి దాయొద్దు. దోస్తును ఇడిసి దూరం కూసోవద్దు. హాస్టల్ల ఫోనిచ్చినప్పుడు అందరికన్న మొదలు నాకే చెప్పు. నేను నవ్వ, కోపం చెయ్య. బస్సెక్కి ఒస్త."

"ఏం పేరు పెడతరు?" అంది.

"నాకు తెల్వదు. పెట్టినప్పుడు సూద్దాం."

మా బాబు నా మోకాలు లాగాడు. "నేను నవ్వొచ్చా?"

"నువ్వు గూడ నవ్వొద్దు," అన్నాను. "నవ్వేటోళ్ల దిక్కు ఉండొద్దు. అక్క దిక్కు ఉండు."