మామిడి కొత్త ఆగిన ఊరు

ఈ అమెరికా ఊరు నోవైలో చలికోట్లు లోపల పెట్టేశారో లేదో, మామిడిపళ్ల వాట్సాప్ గ్రూప్ మేలుకుంటుంది. ఇండియా నుంచి విమానంలో వచ్చిన పెట్టెలు ఎవరో ఒక ఆంటీ గరాజ్‌లో చేరతాయి. శుక్రవారం ఆఫీస్ అయ్యాక డ్రైవ్ చేసుకుంటూ వెళ్లి తెచ్చుకోవాలి. మొన్న మా అపార్ట్‌మెంట్‌లో పెట్టె మూత తీయగానే ఆ వాసన వంటగదంతా పాకింది. నా రూమ్మేట్ స్రవంతిది కరీంనగర్. సింక్ దగ్గరే నిలబడి, రసం మోచేతి దాకా కారుతుంటే తింటూ, "ఏందే, పండును గట్ల చూస్తున్నవ్? దాన్ని ఇంటర్వ్యూ చేస్తున్నవా?" అంది. నవ్వేశాను. చెప్పాలంటే అక్కడ నిలబడి చెప్పే సంగతి కాదు.

మేం కొండరెడ్లం, అడవిలో బతికే గిరిజనులం. గోదావరి ఒడ్డు నుంచి కొండ మీదికి కాస్త ఎక్కితే మా ఊరు ఉండేది. మా దగ్గర మామిడికాయ చెట్టున కనబడింది కదా అని కోసుకు తినే పద్ధతి లేదు. 'మామిడి కొత్త' అనే పండుగ చేసి, ముందు ఊళ్లో చనిపోయిన పెద్దలకు పెట్టాలి; అంతవరకు పసిపిల్లలైనా నోట పెట్టకూడదు. మాకు అదొక తీయని చెర. ఇప్పపూలు రాలి అడవంతా మత్తు వాసన కొడుతున్న ఆ రోజుల్లో, గాలికి రాలిన పిందెలు ఏరుకుని బుగ్గకు ఆనించుకునేవాళ్లం, సొన వాసన పీల్చేవాళ్లం, గోటితో గీరి ఒకరికొకరు చూపించుకుని లొట్టలు వేసేవాళ్లం, అంతే. నాలుకకు తగిలించామా, మా అమ్మమ్మ ఎక్కడున్నా పసిగట్టేది. ఆవిడ ముక్కు ముందు పోలీసు కుక్క కూడా దిగదుడుపే.

కొత్త రోజున సామల అన్నం వండి, మామిడి ముక్కలు కలిపి, అడ్డాకుల్లో చిన్న చిన్న ముద్దలుగా పెట్టేవారు. పూజారి తాత, ఊరందరికీ ఆయన తాతే, చనిపోయిన వాళ్లను ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి ఒక్కో ముద్ద వడ్డించేవాడు. ఆకలితో కడుపులు కాలుతున్న మాకు, మా ఊళ్లో ఇంతమంది ఎందుకు చచ్చిపోయారా అని విసుగొచ్చేది. అమ్మమ్మ మాత్రం వాళ్లమ్మ పేరు వచ్చేదాకా ఊపిరి బిగబట్టి వినేది. వచ్చాక, "అదిగో, మాయమ్మని పిలిసేడు. ఇంక తింటాది," అని తేలిగ్గా నవ్వేది. ఆ తర్వాతే మాకు ముక్క. ఉప్పు కారం ఏమీ లేని ఆ పుల్లటి ముక్క కోసం ఏడాదంతా ఎదురు చూసేవాళ్లం.

వేసవి ముగిసేసరికి తిన్న టెంకలన్నీ పోగు చేసి, లోపలి జీడి దంచి, ఆ పిండిని బుట్టలో పోసి వాగు నీళ్లలో వదిలేవారు. పారే నీళ్లకు వగరంతా విరిగేది. వానాకాలం ఆ పిండి జావే మా అన్నం. బుట్టలకు కాపలా పేరుతో మేం వాగులోనే పడి ఈదుతూ, రొయ్యపిల్లల్ని పడుతూ, వేళ్లు నాని ముడతలు పడేదాకా బయటికి వచ్చేవాళ్లం కాదు.

తర్వాత గోదావరి మీద డ్యామ్ వచ్చింది, మా ఊరు ముంపులో పడింది. ముందు బడి మూశారు, ఆ తర్వాత కరెంటు తీశారు, చివరికి లారీలు పంపారు. ఖాళీ చేయించడమంటే కొట్టి తరమడమే అనుకునేదాన్ని. బతకడానికి వీల్లేకుండా చేసి, మీరే వెళ్లారు కదా అనడం కూడా అదేనని అప్పుడు తెలిసింది. నాకు ఇప్పటికీ కోపమే. కొండకు దూరంగా, ఎండలో, అన్నీ ఒకే రంగు ఇళ్లున్న కాలనీలో మమ్మల్ని దింపారు. వాగు లేదు. మామిడిపళ్లు తోపుడుబండి మీద వచ్చాయి.

ఆ ఏడు పెద్దలు ఒక పడవ మాట్లాడుకున్నారు. మునిగిన ఊరి మీదే నిలబడి కొత్త చేద్దామని. అమ్మమ్మ ఒళ్లో ముద్దల ఆకులు, పక్కన నేను. ఎటు చూసినా నీళ్లే. తెలిసిన కొండలు సగానికి మునిగి, తెలియని కొండలైపోయాయి. "ఇదే సింతసెట్టు కాడ," అన్నాడొక పెద్దాయన. "కాదెహె, ఇంకా పైకి," అన్నాడు ఇంకొకాయన. పడవ అటూ ఇటూ తిరిగింది. పూజారి తాత లేచి నిలబడ్డాడు, నోరు తెరిచాడు, మళ్లీ కూర్చున్నాడు.

"సోటు తెలవకుండా పిలవకూడదు. బయలెల్లి దారి తప్పుతారు," అన్నాడు.

ముద్దలు అలాగే వెనక్కి తెచ్చాం. ఒడ్డు దగ్గర పడేసరికి అమ్మమ్మ ఏడుస్తోంది. "మాయమ్మ ఆకలితో ఉంది. రేపు నేను సచ్చిపోతే నన్నెక్కడ పిలుత్తార్రా?" అని అందరినీ అడిగింది. ఆనాటి నుంచి ఆవిడ మామిడి ముట్టలేదు. మాకు మాత్రం కోసి పెట్టేది, "మీరు తినండే, మీకు పాపం లేదు," అని. కొన్నేళ్లకు ఆ కాలనీలోనే, బండి మీద మామిడిపళ్లు తిరిగే రోజుల్లోనే పోయింది.

మొన్న పండు కోయకుండానే అమ్మకు ఫోన్ చేశాను. ఈ ఏడైనా కొత్త చేశారా అని అడిగాను.

"సేసేవోళ్లెవరే? పూజారి తాత పోయేడుగా. ఆ పేర్లన్నీ ఆయన నోట్లోనే ఉండేవి. ఇప్పుడు పిల్లలు బండి రాగానే కొనుక్కు తినేత్తన్నారు."

"అమ్మమ్మని ఎవరైనా పిలిచారా, ఒక్కసారైనా?"

"నేను రోజూ తలుసుకుంటానే," అంది అమ్మ. "పిలవటం మటుకు ఎవురూ పిలవలేదు."

మా అమ్మమ్మ పేరు ముత్తమ్మ. ఇక్కడ రాశాను గాని, రాస్తే పిలిచినట్టు కాదు.