సద్దిలో మరిచిన ఉప్పు

పోయిన వారం మక్తల్ నుంచి ఫోన్ వచ్చింది. మాకు కంప్యూటర్ నేర్పిన సారు దవాఖానకు తీసుకెళ్తుండగానే దారిలో కన్నుమూశారట. నేను బస్సు దిగేసరికి ఖననం కూడా అయిపోయింది. చివరిచూపు దక్కనందుకు ఏడవాలో, ఇంకొకందుకు ఏడవాలో తెలియలేదు. ఆ ఇంకొకటి చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

బస్టాండు వెనక సందులో, కుట్టుమిషన్ల దుకాణం పైన సారు సెంటరు. ఎనిమిది కంప్యూటర్లు. తలుపు పక్కనున్న దాంట్లో మాత్రం ఏమీ ఉండనిచ్చేవారు కాదు, వారం వారం తుడిచి ఖాళీ చేసేవారు. దాని పేరు 'చుట్టం'. మేం రాసిన ప్రతి ప్రోగ్రామునూ మూటకట్టి, చుట్టం మీద ఎక్కించి, నడిపి చూపించాలి. "నా మిషన్ల నడుస్తాంది సార్" అన్నామో, అంతే సంగతులు.

"నీ ఇంట్ల నీకు అన్ని దొరుకుతయ్ బిడ్డా. చుట్టానికి ఏం ఎర్కుంటది?" అనేవారు. "సద్ది కట్టేటప్పుడే ఉప్పు గూడ కట్టాలె. చేన్ల ఉప్పెవడిస్తడు?" అనేవారు. ఇంత అన్నాక, ప్రోగ్రాము ఆగిపోయినవాళ్లకే ముందు చాయ్ పోసేవారు. నేను చాలా చాయ్ తాగాను.

హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాక, ఆయన సలహాతోనే ఒక లైబ్రరీ రాశాను. పాత ఫాంట్లలో టైపు చేసిన తెలుగును ఫోన్లలో చదవగలిగేలా మార్చే కోడ్ అది. ఎవరైనా ఒక్క కమాండ్‌తో నెట్ నుంచి దించుకుని వాడుకోవచ్చు. సారు మురిసిపోయి చుట్టుపక్కల ఊళ్ల టైపింగ్ సెంటర్లలో తానే తిరిగి పెట్టించారు.

రెండో వెర్షన్ విడుదల చేసిన మర్నాడు ఆయన ఫోన్ చేశారు.

"బిడ్డా, కొత్తది ఎక్కిచ్చిన. అక్షరాల పట్టిక దొరకతలేదంటాంది. జర చూస్తవా?"

నేను మీటింగ్ తొందరలో ఉన్నాను. "నా మిషన్ల మంచిగనే నడుస్తాంది సార్. మీ దగ్గరనే ఏదో తప్పయి ఉంటది," అనేశాను.

"గట్లనా... సరే బిడ్డా, ఫికర్ చెయ్యకు. నేను చూస్కుంట."

ఆరు నెలలకు ఇంకెవరో అదే ఫిర్యాదు రాస్తే గానీ నేను వెతకలేదు. రెండో వెర్షన్‌లో ఆ పట్టిక ఫైలును వేరే ఫోల్డర్‌లోకి మార్చి, నెట్‌లో పెట్టే మూటలో, అంటే ప్యాకేజీలో, ఆ ఫోల్డర్ పేరు చేర్చడం మరిచాను. నా కంప్యూటర్‌లో ఫైలు ఉంది కాబట్టి నడిచింది. దించుకున్నవాళ్లెవరికీ అది చేరనేలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సిగ్గుతోనే అంతకన్నా పెద్ద తప్పు చేశాను. సరిచేసిన వెర్షన్‌ను 'చిన్న సవరణలు' అని ఒక్క ముక్క రాసి విడుదల చేశాను. సారుకు మాత్రం చెప్పలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఏడాదిన్నర గడిపాను.

నేను మక్తల్ చేరిన రోజే సారు కూతురు నన్ను సెంటరుకు తీసుకెళ్లి తాళం తీసింది.

"అక్కా, అబ్బాజాన్ మొన్న గూడ మరికల్ పోయొచ్చిండు. పాత వెర్షన్ల కెల్లి ఏదో ఫైలు తీసి పెన్‌డ్రైవ్‌ల ఏసుకున్నడు. తర్వాతది 'చిన్న సవరణలు' అనుంటె పట్టిచ్చుకోలె, అందరికి నీ రెండో వెర్షనే ఇచ్చి, బస్సెక్కి పోయి గా ఫైలు పెట్టొస్తుండె. మోకాళ్లు నొస్తున్నా ఇనకపాయె."

"నాకింకోసారి ఫోన్ చేస్తే అయిపోతుండె గదా?" అన్నాను. అనగానే నాలుక కరుచుకున్నాను.

"నేను గట్లనే అన్న. 'ఒకపారి చెప్పినం గద, పనిల ఉంటది పాపం' అన్నడు."

చుట్టం ఖాళీగానే ఉంది. ఆన్ చేసి, సరిచేసిన వెర్షన్ ఎక్కించాను. ఒక్క తప్పూ లేకుండా నడిచింది. అలవాటు కొద్దీ, చూపిద్దామని లేచి వెనక్కి తిరిగాను. సారు కుర్చీ మీద ఎవరో చాదర్ మడిచి పెట్టారు.

తెర పక్కన మేకుకు ఎర్రదారంతో ఆ పెన్‌డ్రైవ్ వేలాడుతోంది. దానికి కట్టిన చీటీ మీద సారు చేతిరాత: "లైబ్రరీ ఎక్కిచ్చినంక ఈ ఫైలు గూడ పెట్టుకోవాలె. తప్పు మన దిక్కే ఉంది. లైబ్రరీ మంచిది, మా బిడ్డ రాసింది."