వైశాలి జాబితా మీద తాయారమ్మ కక్ష

తాయారమ్మ కోపం మామూలుగా రెండు పూటలు దాటదు. మొగుడు కోదండరామయ్య ఇరవై ఎనిమిదేళ్ళు సైన్యంలో చేసి, ఆమెతో దేశంలో ఉన్న కంటోన్మెంట్లన్నీ ఊడ్పించి, చివరికి ఢిల్లీ మునిర్కాలో ఎండ పడని రెండు గదుల్లో కూర్చోబెట్టినా ఆయన్ని క్షమించేసింది. వైశాలిని మాత్రం క్షమించలేదు. రెండేళ్ళుగా ఆ పేరు వినపడితే చాలు, చేతిలో ఏ గరిటె ఉంటే దాన్ని గిన్నెకేసి కొట్టేది.

వైశాలి గురుగ్రామ్‌లో తెలుగు ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపు నడుపుతుంది. పేరు కింద ‘తల్లీబిడ్డల కన్సల్టెంట్’ అని రాసుకుంటుంది. ఎవరు చదివించారో, ఎక్కడ చదివిందో అడిగినవాళ్ళు లేరు. పురిటికి వెళ్ళేటప్పుడు ఏమేం కొనాలో నలభై మూడు వస్తువుల జాబితా రాసి, గ్రూపు తెరవగానే అదే కనపడేట్టు పైన పిన్ చేసి పెట్టింది. చివర ఆస్పత్రి పక్కనే ఉన్న ఒక దుకాణం పేరు. ఆ దుకాణంవాడు ఆమెకి కమీషన్ ఇస్తాడు.

మనవాళ్ళలో బిడ్డ పుట్టకముందు ఏమీ కొనకూడదంటారు కదా. ఉయ్యాల దగ్గర్నుంచి చొక్కా దాకా అన్నీ పుట్టాకే. హైదరాబాదులో అయితే ఫరవాలేదు, ఏ పిన్నో పెద్దమ్మో పాత మెత్తని పంచెలు చింపి మూట కట్టుకుని వచ్చేస్తుంది. గురుగ్రామ్‌లో ఎవరొస్తారు? పదహారో అంతస్తులో మొగుడూ పెళ్ళాం ఇద్దరే. లోపల బిడ్డ కేర్‌మనగానే ఆ మొగుడు ఫోనులో వైశాలి జాబితా పెట్టుకుని, చెమటలు కక్కుకుంటూ దుకాణానికి పరిగెత్తుతాడు. ఆ స్థితిలో ఉన్నవాడికి ఏది అవసరమో ఏది కాదో ఏం తెలుస్తుంది? ఇవ్వమన్నవన్నీ ఇచ్చేయమంటాడు. వైశాలి వ్యాపారమంతా ఆ అరగంటలోనే ఉంది.

రెండేళ్ళ కిందట కూతురు భవ్యశ్రీ పురిటప్పుడు తాయారమ్మ అల్లుడు హేమసుందర్ కూడా అలాగే పరిగెత్తాడు. తడిగుడ్డ వెచ్చబెట్టే పెట్టె, సీసాలు ఆవిరిపట్టే యంత్రం, అడుగు కూడా వెయ్యని బిడ్డకి బూట్లు, ముఖమల్ దుప్పటి, వెనక జిప్పున్న పట్టులాంటి గౌను, సంచులకి సంచులు మోసుకొచ్చాడు. కోత కోసిన కడుపు మీద నొక్కకుండా ఉండే లోదుస్తులు మాత్రం లేవు. ముందు గుండీలున్న నూలు నైటీ ఒక్కటి లేదు. బిడ్డని చుట్టడానికి ఉతికిన గుడ్డముక్క లేదు.

తాయారమ్మ అప్పటికి తన మూటతో వచ్చే ఉంది. పాత నూలు చీరలు చింపి, ఉడికించి, ఎండబెట్టి తెచ్చిన ముక్కలవి. సరిగ్గా అప్పుడే వైశాలి పరామర్శకి వచ్చింది. ఆ మూట చూసి పకపకా నవ్వింది.

“అయ్యో ఆంటీ, ఇవి గిన్నెలు తుడుచుకునే గుడ్డలు కదా! ఇది గురుగ్రామ్ ఆంటీ, పల్లెటూరు కాదు” అంది, గది నిండా ఉన్న జనం ముందు. అందరూ నవ్వారు. తాయారమ్మకి తల కొట్టేసినట్టయింది.

తరవాత జరిగినదాన్ని ఆమె ఎప్పటికీ మరిచిపోలేదు. వెనక జిప్పున్న గౌనుతో పాలివ్వడం కుదరక భవ్యశ్రీ మొదటిరోజే సీసా పట్టింది. వారం తిరక్కుండా పాలు గడ్డకట్టి జ్వరమొచ్చింది. పోనీ అంతటితో పోయిందా అంటే, భవ్యది కాంట్రాక్టు ఉద్యోగం, రెండు నెలలే జీతంతో సెలవు. మూడో నెల జీతం లేకపోయినా పాప దగ్గరే ఉండాలని ఇంటి అద్దెకి సరిపడా కూడబెట్టుకుంది. అదంతా ఆ సంచుల్లోకి పోయింది. అరవై ఒకటో రోజున ఆఫీసు క్యాబ్ ఎక్కుతూ భవ్య ఏడ్చింది. పాపని ఎత్తుకుని గేటు దగ్గర నిలబడ్డ తాయారమ్మ, ఆ వైశాలి చేత కళ్ళనీళ్ళు పెట్టించకపోతే తన పేరు తాయారమ్మే కాదనుకుంది.

ఊరికే అనుకుని కూర్చోలేదు. గురుగ్రామ్‌లో ఎవరింట్లో సీమంతమైనా పిలిచినా పిలవకపోయినా మెట్రో ఎక్కి వెళ్ళింది. గాజులు తొడిగి, పిల్ల చెవి దగ్గర వంగి, “నువ్వేం కొనకు తల్లీ. మీ ఇంట్లో ఒక్క గుడ్డపేలిక కూడా పెట్టకు. అన్నీ మా ఇంట్లో ఉంటాయి. నొప్పులు రాగానే ఫోను కొట్టు” అనేది. ఆచారానికి ఆచారం దక్కింది, మూటకి మూట తయారు. ముక్కలు రెండు డజన్లు, ముందు ముడేసే చొక్కాలు ఆరు, చలికాలమైతే ఉన్ని టోపీ, మేజోళ్ళు, రబ్బరు షీటు, తల్లికి నైటీలు నాలుగు, పెద్ద ప్యాడ్లు, జారని చెప్పులు. అంతే. ఖరీదడిగితే నైటీలకీ ప్యాడ్లకీ అయినంతే తీసుకునేది. ఏడాదిన్నరలో పదకొండు ఇళ్ళు వైశాలి చేతిలోంచి జారిపోయాయి. ఒక్కొక్క ఇల్లు జారినప్పుడల్లా తాయారమ్మ ఆ రోజు కూరలో ఉప్పూ కారం సరిగ్గా పడేవని కోదండరామయ్య చెబుతాడు.

వైశాలి ఊరుకుంటుందా? ‘పాత గుడ్డలతో పసిబిడ్డలకి ఇన్ఫెక్షన్లు, జాగ్రత్త’ అని గ్రూపులో పెట్టింది. పేరు పెట్టలేదు గానీ, ఎవరి గురించో గ్రూపులో అందరికీ తెలుసు. తాయారమ్మ అది మనవరాలికి ఫోనులో బొమ్మలు చూపిస్తూ మధ్యలో చదివి, పళ్ళు పటపటా కొరికింది.

అలా ఉండగా డిసెంబరులో ఒకరోజు పొద్దున్న పదిగంటలకి ఎవరో కిరీటి అని ఫోను చేశాడు.

“ఆంటీ, నేను వైశాలి భర్తని. రెండు వారాల ముందే ఆపరేషన్ చేసేశారండీ. పాప బాగానే ఉంది. మా అమ్మ ఫ్లైటు పొగమంచుకి క్యాన్సిలైంది. ఆవిడ ముందే ఏమీ కొనొద్దంది. ఇప్పుడు నేను కొన్నవన్నీ కొత్తవి, ఉతకనివి, సిస్టర్ వద్దంటోంది. అందరూ మీ పేరే చెబుతున్నారు...”

తాయారమ్మ ఒక్క క్షణం ఫోనుని చూసుకుంది. నలభై మూడు వస్తువుల వైశాలి ఇంట్లో అత్తగారి మాటకి గుడ్డముక్క లేదట! మునిర్కా గదిలో ఒక్కతే నిలబడి గట్టిగా నవ్వింది. “వస్తున్నా బాబూ” అంది.

మెట్రోలో గురుగ్రామ్ చేరేదాకా ఏమేం అనాలో వరస పెట్టుకుంది. మూట ముడి విప్పకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి. ముందు మా అమ్మాయికి క్షమాపణ చెప్పు, అప్పుడు విప్పుతా, అనాలి. అది అందరి ముందూ ఏడవాలి. ఏడిస్తే ఆ ముక్కల్లోంచే ఒకటిచ్చి కళ్ళు తుడుచుకోమనాలి.

గదిలోకి వెళ్ళేసరికి వైశాలి వెనక జిప్పున్న గౌనులో నలిగిపోయి ఉంది. జిప్పు విప్పడానికి ఒరిగితే కుట్లు లాగుతున్నాయి. కిరీటి చేతుల్లో పసిది గొంతు బొంగురుపోయేదాకా ఏడుస్తోంది. తాయారమ్మని చూసి వైశాలి మొహం తెల్లబోయింది.

తాయారమ్మ కూర్చుంది. మూట ఒళ్ళో పెట్టుకుంది. పసిది మళ్ళీ ఏడ్చింది. ఇంకోసారి ఏడ్చింది.

“నువ్వు బయటికెళ్ళు బాబూ” అంది కిరీటితో, తనమీద తనకే ఒళ్ళు మండుతుండగా. ముడి విప్పింది. గౌను మార్చింది, నైటీ తొడిగింది, పసిదాన్ని పాత చీరముక్కలో చుట్టి రొమ్ముకి పట్టించింది. పావుగంట గడిచాక గదిలో చప్పరింపు తప్ప చప్పుడు లేదు. వైశాలి కళ్ళు మూసుకుంది.

“అచ్ఛా, ఇప్పుడు ఫోను తీయి” అంది తాయారమ్మ.

“ఎందుకు ఆంటీ?”

“నీ జాబితా పీకెయ్యి. నేను చెబుతా, నువ్వు రాయి. కింద నీ పేరే పెట్టు. ఇదివరకటిది తప్పని రాయి.”

వైశాలి కళ్ళు తెరిచింది. “దుకాణంవాళ్ళతో నాకు ఇంకా ఏడాది మాట ఉంది ఆంటీ. ఇంకేమన్నా అడగండి.”

“ఠీక్ హై. నైటీ విప్పి ఇచ్చెయ్. చుట్టిన ముక్క కూడా.”

వైశాలి ఆవిడ మొహంలోకి చూసింది. వేళాకోళం కాదని తెలిసింది. ఒక చేత్తో పసిదాన్ని పట్టుకుని, ఇంకో చేత్తో ఫోను తీసింది. తాయారమ్మ ఒక్కొక్కటీ ఆగి ఆగి చెప్పింది, ఆమె రాసింది. చివర ‘ఇదివరకు నేను పెట్టిన జాబితాలో చాలావరకు అక్కర్లేనివి. కమీషన్ కోసం పెట్టాను’ అని రాయించింది. ‘కమీషన్’ దగ్గర వైశాలి వేలు ఆగింది. కన్నీళ్ళు జారి ఫోను మీద పడ్డాయి. తాయారమ్మ కడుపు చల్లబడింది. రెండేళ్ళ నుంచి ఎదురుచూసిన కన్నీళ్ళవి. తుడవమని ముక్క మాత్రం ఇవ్వలేదు. “పంపు” అంది.

గ్రూపులో టింగుటింగుమని మోత మొదలైంది. దండాలు, చప్పట్లు, ఆశ్చర్యాలు. తాయారమ్మ వరండాలోకి వచ్చి, గెలిచినదానిలా కొంగు నడుముకి దోపుకుంది. అప్పుడే ఆఫీసు నుంచి భవ్య ఫోను చేసింది.

“చూశావుటే?” అంది తాయారమ్మ ఉత్సాహంగా. “దాని చేత్తోనే రాయించాను. దాని కళ్ళ వెంట నీళ్ళు తెప్పించాను.”

“చూశానమ్మా.” “ఇవన్నీ నీకు అప్పుడు కూడా తెలుసు కదా?”

“తెలియకేం? నిన్నూ అలాగే పెంచాను.”

“మరి ఆ రోజు గదిలో నువ్వు అక్కడే ఉన్నావుగా. ఆ మూట మంచం కిందకి తోసేశావు. ఆయన తెచ్చిన గౌను నువ్వే తొడిగావు. సీసా కూడా నువ్వే కలిపావు. వైశాలి వెళ్ళిపోయాక అయినా ఎందుకు చెప్పలేదమ్మా?”

తాయారమ్మ గోడకి ఆనుకుంది. చెప్పాల్సింది చాలా ఉందనుకుంది గానీ, నోటికి ఒక్కమాటే వచ్చింది.

“సిగ్గేసిందే.”

“నా దగ్గరా?” అంది భవ్య.

లోపల్నుంచి వైశాలి పిలుస్తోంది. పసిది తడిపిందట, ముక్క మార్చాలట. తాయారమ్మ ఫోను చెవికే పట్టుకుని అక్కడే నిలబడి ఉంది.