అరవై ఐదుకి అరవై ఐదు

ఆ రోజుల్లో నాకు వచ్చిన ఐరిష్ మాట ఒక్కటే: గ్రాండ్. బాగున్నాను, పర్లేదు, చాలు, వద్దు, ఏడవకు, అన్నిటికీ ఇక్కడ అదే మాట. స్లైగో అనే ఐరిష్ ఊళ్ళో ఒక వృద్ధాశ్రమంలో కేరర్‌గా చేరిన కొత్త. డ్యూటీ, గది, ప్రార్థన, మళ్ళీ డ్యూటీ. నాతో తెలుగు మాట్లాడేది ఫోన్లో అమ్మ ఒక్కతే. "ఎలా ఉన్నావే?" అంటే "గ్రాండ్‌గా ఉన్నానమ్మా" అనేదాన్ని. (అమ్మ దాన్ని మన గ్రాండ్ అనుకుని, నేను మేడలో ఉంటున్నానని మందిరంలో అందరికీ చెప్పిందట.)

నాకు గది అద్దెకిచ్చినాయన డెబ్బై దాటిన ఒంటరి మనిషి. అంకుల్ అని పిలిస్తే "నేను నీకు ఏ వైపు మామనమ్మా?" అని నవ్వేవారు. కారుకి తగిలించి లాక్కెళ్ళే వాళ్ళ చక్రాల గది, క్యారవాన్, భార్య పోయాక పెరట్లోనే ఉండిపోయింది. ఆ ఏడు దానికి ఎక్కువ బరువు మోసే కొత్త టైర్లు వేయించి, ఈస్టర్ మర్నాడు సముద్రానికి వెళ్దాం, నువ్వూ రా అన్నారు. ఈ దేశంలో నన్నొకరు ఎక్కడికైనా రమ్మనడం అదే మొదలు. మోకరించి దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను. ఆవిడ నీలిపువ్వుల టీకప్పులు ఆరూ లోపలి అలమరలో ఆయనే సర్దారు. "ఆమె వీటిలో తప్ప తాగేది కాదు."

ఆయన మోకాళ్ళు వంగవు కనక పెట్రోలు బంకులో గాలి కొట్టే పని నాది. క్యారవాన్ తలుపు మీద ఆవిడ చేతిరాతతో చీటీ: టైర్లలో గాలి నలభై ఐదు. కొత్త టైరు మీదేమో 'అరవై ఐదు మ్యాక్స్' అని అచ్చుపోసి ఉంది. బడి మొహం చూడకుండా అమ్మ దగ్గరే చదువుకున్నదాన్ని నేను. పూర్తి మార్కులు రాకపోతే అమ్మ పలక చెరిపేసి మళ్ళీ రాయించేది. అరవై ఐదుకి నలభై ఐదుతో ఎలా సరిపెట్టుకుంటాను? రెండు టైర్లకీ అరవై ఐదు కొట్టి చంకలు గుద్దుకున్నాను.

"అయిందా?" అన్నారు స్టీరింగ్ ముందునుంచి.

"గ్రాండ్, అంకుల్!"

దారంతా గతుకులు. వెనక క్యారవాన్ మేకపిల్లలా గెంతుతుంటే కొత్త టైర్ల హుషారు అనుకున్నాను. ఒడ్డున ఆగి తలుపు తీస్తే అలమర నోరు తెరుచుకుని ఉంది. ఐదు కప్పులు ముక్కలు. ఆయన చక్రం దగ్గరికి నడిచారు. చేతికర్రతో టైరు తట్టి చూసి, "ఎంత పెట్టావు?" అన్నారు. ఏడుస్తూ చెప్పాను.

"యూ ఆర్ గ్రాండ్" అన్నారు, తన కళ్ళు తుడుచుకుంటూ. "అది టైరు ఎంతవరకు ఓర్చుకుంటుందో చెప్పే అంకె, పిల్లా. మన బండి బరువు మారలేదుగా? అంత బిగబట్టుకుంటే ప్రతి గతుకూ లోపలికే కొడుతుంది. చల్లారనీ, కాస్త వదులుదాం."

మిగిలిన కప్పులో టీ నాకిచ్చి, ఆయన ఫ్లాస్కు మూతలో తాగారు. చల్లారాక వాల్వు నొక్కి బుస్సుమని వదులుతుంటే ఫోను. అమ్మ.

"ఎలా ఉన్నావే?"

"గ్రాం..." అన్నాను. ఆ మాట పూర్తవలేదు. "బెంగగా ఉందమ్మా. చాలా."

"హమ్మయ్య" అంది అమ్మ. "ఇన్నాళ్ళకి నా కూతురు ఎత్తింది ఫోను."

(మాటల్లో పడి వాల్వు మీద వేలు తియ్యలేదు. టైరు ఇరవైకి దిగిపోయింది. ఫోను పెట్టేశాక కాలిపంపు నేను తొక్కుతుంటే, అంకుల్ కర్రతో తాళం వేశారు.)

ఇప్పుడు ఇదే దేశంలో, ఆడమ్స్‌టౌన్‌లో, మా అమ్మాయి బడినుంచొచ్చి "గ్రాండ్, మామ్" అంటే, దాని మొహం ఒకసారి పట్టి చూస్తాను. తర్వాత అంకుల్ నాకే ఇచ్చేసిన ఆ ఒక్క కప్పులో టీ పోసుకుంటాను. అప్పటి పూర్తి మార్కుల పిల్ల గుర్తొస్తుంది, పాపం.