రాజవ్వ కాలు, స్వరూప ఇంగ్లీషు

2023. రైళ్ళలో మాస్కులు తీసేయవచ్చన్న ఏడాది. బుకిట్ బటోక్‌లో మా ఫ్లాట్ హాల్లో, పిల్లలు బడికి వెళ్ళాక, పొద్దున పదింటికి నలుగురు తెలుగు ఆడవాళ్ళకి ఇంగ్లీషు మాటలు నేర్పుతుండేదాన్ని. ఇప్పటికీ నేర్పుతున్నాను. తెనాలిలో కాలేజీ లెక్చరరుగా చేసి, మావారి ఉద్యోగం వెంట దేశం దాటి ఇక్కడికొచ్చి, ఖాళీగా ఉండలేక మొదలుపెట్టిన పని ఇది. ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. మావారు నన్ను కాలుగాలిన పిల్లి అంటారు, అందులో అబద్ధమేమీ లేదు.

నా పద్ధతి ముందు చెబుతాను. రోజుకి ఐదు మాటలు. ఒక్కో మాటకి తెలుగులో అర్థం, తర్వాత కొలొకేషన్, అంటే ఆ మాట పక్కన అలవాటుగా వచ్చే మాట, ఆ తర్వాత ఎగ్జాంపుల్ సెంటెన్స్. ఈ ఉదాహరణ వాక్యం దగ్గర మాత్రం నేను మహా కఠినం. పుస్తకంలోంచి ఎత్తి రాస్తే ఊరుకోను. ‘ది లయన్ ఈజ్ బ్రేవ్’ అని ఎవరైనా చదివితే, మీ బ్లాకులో సింహం ఏ అంతస్తులో ఉంటోందమ్మా అని అడుగుతాను. మీ వంటింట్లో, మీ లిఫ్టులో, మీరు తినే హాకర్ సెంటర్లో జరిగింది చెప్పాలి. మన ఇంట్లో పుట్టిన వాక్యం పదికాలాలు గుర్తుంటుంది.

ఆ నలుగురిలో స్వరూప ఒకతె. జగిత్యాల పిల్ల, తెలుగు మీడియంలో డిగ్రీ. భర్త మహేందర్ బ్యాంకులో ఐటీ పని మీద నెలలో సగం రోజులు జకార్తాలో ఉంటాడు. అత్తగారు రాజవ్వ వీళ్ళతోనే ఉంటుంది. షుగరు మనిషి కాబట్టి ఇంట్లో ఒంటరిగా వదలలేక, స్వరూప ఆమెను కూడా క్లాసుకి తీసుకొచ్చేది. ఆవిడ మా సోఫాలో కాళ్ళు చీర కిందకి ముడుచుకుని కూర్చుని, మా ఇంగ్లీషు విని ముసిముసిగా నవ్వుకునేది. స్వరూపకి ఇచ్చిన మాట మర్నాటికల్లా నోటికొచ్చేసేది. కానీ గడప దాటితే ఆ నోరు పెగిలేది కాదు. కూతురి టీచరు ఏమడిగినా యెస్, యెస్ అనేసి వచ్చేదట.

ఒకరోజు ‘రిలక్టెంట్’ అనే మాట ఇచ్చాను. మనసొప్పక వెనకాడటం అని అర్థం. స్వరూప తన వాక్యం చదివింది: ‘మై మదరిన్లా ఈజ్ రిలక్టెంట్ టు వేర్ షూస్.’ వాక్యం బాగుంది. ఎందుకు వేసుకోదు అని అడిగాను. అరికాళ్ళు మంటలంటదనీ, ఒక్కోసారి చెప్పు జారిపోయినా ఆమెకు తెలియదనీ, మొన్న లిఫ్టు దాకా ఒక్క చెప్పుతోనే వచ్చిందనీ మామూలుగా చెప్పుకుపోయింది. మా ఇంట్లోనూ షుగరు ఉంది. కాళ్ళు మొద్దుబారితే దెబ్బ తగిలినా తెలియదు, రోజూ పాదాలు చూసుకోవాలి అని మావారి డాక్టరు ఎన్నిసార్లు చెప్పాడో. రాజవ్వ గారూ, ఒకసారి పాదం చూపించండి అన్నాను.

“నా కాళ్ళకేమైంది టీచరమ్మా, మంచిగనే ఉన్నయి” అని ఆవిడ చీర అంచు ఇంకాస్త కిందకి లాక్కుంది.

ఆ వారమంతా పాఠం మార్చేశాను. మిగతా ముగ్గురూ గునిసినా వినలేదు. మంటకి బర్నింగ్. తిమ్మిరికి టింగ్లింగ్. సలుపుకి త్రాబింగ్. పోటుకి స్టాబింగ్. మొద్దుబారితే నమ్. తెలుగులో మనకి ఇన్ని రకాల బాధలుంటే, డాక్టరు దగ్గర అన్నిటికీ పెయిన్, పెయిన్ అంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు? స్వరూప అన్నీ పట్టేసింది. శనివారం అత్తగారిని మా బ్లాకు కింద క్లినిక్‌కి తీసుకెళ్ళింది. నేను పైన పప్పు పొయ్యి మీద పెట్టి, బాల్కనీలోకీ వంటింట్లోకీ తిరుగుతూ పప్పు కాస్తా మాడబెట్టాను.

అరగంటలో పైకి వచ్చింది. చేతిలో మామూలు నొప్పి బిళ్ళలు, విటమిన్ సీసా. డాక్టరు పాదం చూశాడా అని అడిగాను.

“నొప్పి ఎంతున్నది అని అడిగిండు ఆంటీ. అత్తమ్మ ‘కొద్దిగనే బిడ్డా’ అన్నది. నేను ‘ఎ లిటిల్’ అని చెప్పిన.”

“వారం రోజులు నేర్చుకున్న మాటలన్నీ ఏమయ్యాయి?”

“అత్తమ్మ అననిది నేనెట్ల అంటా? ఆమె పక్కనే కూసున్నది.”

మరి కాలు? డాక్టరు దేవునసుంటోడు, ఆయన మొఖం ముంగట కాలు చాపుతరా అన్నదట రాజవ్వ. స్వరూప దాన్ని ఇంగ్లీషులోకి మార్చనే లేదు. ఆ డాక్టరుకి అక్కడ ఒక కాలు ఉందన్న సంగతే తెలియలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పిల్ల మీదా, ఆవిడ మీదా, ఎవరి మీదో తెలియదు. కానీ కూర్చుని ఆలోచిస్తే నా కోపం నాకే నిలవలేదు. మా అత్తగారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు నేను మాత్రం ఏం చేశాను? ఆవిడ బాగానే ఉందంటే బాగానే ఉందన్నాను. పరాయివాళ్ళ ముందు బాధ తగ్గించి చెప్పుకోవడం మన పెద్దవాళ్ళ మర్యాద. వాళ్ళు తగ్గించిన మాటని కోడలు పెంచి చెబితే, అది అత్తగారి మాట దాటినట్టు. స్వరూపకి మాటలు రాక కాదు. వచ్చిన మాట అనడానికి అక్కడ ఆమెకి చోటు లేదు.

మంగళవారం స్వరూప క్లాసుకి ఆలస్యంగా, ఒక్కతే వచ్చింది. చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడింది. అత్తమ్మ రోజూ తొడుక్కునే మేజోళ్ళని రెండు రోజులుగా తనే ఉతుక్కుంటోందట. పొద్దున బాత్‌రూమ్‌లో ఒకటి దొరికింది. వేళ్ళ దగ్గర తడి, వాసన. అడిగితే, మహేందర్ శుక్రవారం వస్తడు గద, అప్పుడు చూద్దామన్నదట. శుక్రవారం దాకా ఆగడమేమిటని అరిచాను. మిగతా ముగ్గురినీ ఇంటికి పంపేశాను. ఇద్దరం వాళ్ళ ఫ్లాట్‌కి వెళ్ళి, విటమిన్లు మార్పించుకోవాలని చెప్పి రాజవ్వని కిందకి దింపాం. ఆ అబద్ధం నాదే. దానికి నాకేమీ బాధ లేదు.

క్లినిక్ ముందు ప్లాస్టిక్ కుర్చీల్లో ఆవిడని ఒకవైపు కూర్చోబెట్టి, స్వరూపని స్తంభం వెనక్కి లాక్కెళ్ళాను. కొత్త మాట ఒక్కటీ నేర్పలేదు.

“మీ అత్తమ్మ మాట ఆవిడ పేరునే చెప్పు. అందులో ఒక్క అక్షరం మార్చకు. ఆ తర్వాత నీ మాట నీ పేరున చెప్పు. రెండూ చెప్పు.”

“కోపం చేస్తదేమో ఆంటీ.”

“చేయనీ. కోపం చేయడానికి ఆవిడ రెండు కాళ్ళ మీద నిలబడి ఉండాలి కదా.”

లోపలికి ఒక్కరినే తోడు రమ్మన్నారు. నేను బయటే ఉండిపోయాను. క్లినిక్‌లో అందరికీ ఇంకా మాస్కులే, కళ్ళు చూసి ఏమీ పోల్చుకోలేం. నంబర్లు మారుతున్నాయి. లేచాను, కూర్చున్నాను, నీళ్ళ సీసా మూత తీశాను, తాగకుండానే పెట్టేశాను. లోపల మళ్ళీ ‘ఎ లిటిల్’ అనేసి వచ్చేస్తుందేమోనని ఒకటే భయం. ఇంతలో నర్సు గబగబా వచ్చి గాజుగుడ్డ, ఒక ట్రే తీసుకుని లోపలికి వెళ్ళింది. అప్పుడు కూర్చున్నాను.

లోపల జరిగింది స్వరూప తర్వాత చెప్పింది. డాక్టరు చైనీస్ కుర్రాడు. నొప్పి ఎలా ఉందని అడిగాడు. రాజవ్వ అలవాటుగా కొద్దిగనే అంది. అప్పుడు స్వరూప అందట: ‘మై మదరిన్లా సేస్ ఎ లిటిల్. ఐ డోంట్ అగ్రీ. హర్ టో ఈజ్ నమ్. హర్ సాక్ ఈజ్ వెట్. ప్లీజ్ లుక్ ఎట్ హర్ ఫుట్.’

ఆయన కుర్చీలోంచి లేచి, రాజవ్వ ముందు నేల మీద మోకాళ్ళు వంచి కూర్చుని, రెండు చేతులా ఆవిడ పాదం పట్టుకున్నాడు. రాజవ్వ హడలిపోయింది. కాలు వెనక్కి లాక్కోబోతే ఆయన వదల్లేదు. ఇక ఆవిడకి ఏం చేయాలో తోచక, కాళ్ళు పట్టుకున్న పిల్లాడికి పెద్దవాళ్ళు ఏం చేస్తారో అదే చేసింది. తల మీద చెయ్యి పెట్టి “సల్లగుండు బిడ్డా” అంది. ఈ మాట చెబుతూ స్వరూప నవ్వబోయి ఏడ్చింది, నేనూ ఏడ్చాను.

అక్కడికక్కడే ఉత్తరం రాసిచ్చి పెద్దాసుపత్రికి పంపారు. చిటికెన వేలు తీసేశారు. పాదం నిలిచింది. శుక్రవారం దాకా ఆగి ఉంటే పాదం సంగతి చెప్పలేకపోయేవాళ్ళమని సర్జన్ మహేందర్‌తో అన్నాడట.

రాజవ్వ మా సోఫాకి తిరిగి రావడానికి చాలా వారాలు పట్టింది. ఈసారి కాలు స్టూలు మీద బార్లా చాపుకుని కూర్చుంది. స్వరూప మంచినీళ్ళ కోసం లోపలికి వెళ్ళగానే నన్ను దగ్గరికి పిలిచింది.

“టీచరమ్మా, ఆ దినం మా స్వరూప డాక్టరుతోని ఏమన్నదో నువ్వు చెప్పు. ఎన్నిసార్లు అడిగినా అది మాట మారుస్తున్నది.”

ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పేశాను. అత్తమ్మ కొద్దిగా అంటోంది, నేను ఒప్పుకోను అంది అని. ఆవిడ తన కాలి కట్టు సర్దుకుంది.

“ముందుగాల నా మాటనే చెప్పిందా?”

“మీ మాటే ముందు చెప్పింది.”

“మరి ఆ ‘ఒప్పుకోను’ అన్నదాన్ని ఇంగ్లీషుల ఏమంటరు?”

చెప్పాను. ఆవిడ పెదవులతో రెండు మూడుసార్లు అనుకుంది. స్వరూప గ్లాసు తెచ్చేసరికి ఇద్దరం ఏమీ ఎరగనట్టు కూర్చున్నాం.

అప్పటి నుంచి నా పాఠంలో ఒక ప్రశ్న పెరిగింది. మాట, అర్థం, వాక్యం అయ్యాక, ఈ వాక్యం నువ్వు ఎవరి ముందు అంటావు, అక్కడ నీ పక్కన ఎవరుంటారు అని అడుగుతాను. దానికి జవాబు వచ్చేదాకా ఆ మాట వచ్చినట్టు లెక్కవేయను. కొందరికి ఆ ఒక్క జవాబుకే నెల పడుతుంది, నా ఓపిక అంతదాకా సాగడం కష్టమే, అయినా ఆగుతున్నాను.

రాజవ్వ తిరిగొచ్చిన పై వారం మహేందర్ తల్లిని దింపడానికి మా ఇంటికి వచ్చాడు. అమ్మ ఇక నడవద్దు, చక్రాల కుర్చీ కొనేస్తున్నాను ఆంటీ అన్నాడు. నేను నోరు తెరిచేలోగా, సోఫాలోంచి రాజవ్వ కొడుకు వైపు తిరిగి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ అంది:

“ఐ డోంట్ అగ్రీ.”

మహేందర్ స్వరూప వైపు చూశాడు. నేను లేచి బోర్డు మీద ఆ రోజు ఉదాహరణ వాక్యంగా అదే రాసి, దాని కింద రాజవ్వ పేరు పెట్టాను.